శాంటా, స్టార్, క్రిస్మస్ ట్రీ: తీసేయాలా, అర్థం తెలుసుకోవాలా?

డిసెంబర్ వచ్చిందంటే నన్ను రెండు రకాల వాళ్లు అడుగుతుంటారు. ఒకరు, "బ్రదర్, క్రిస్మస్ చేసుకోమని బైబిల్లో ఎక్కడుంది? అది అన్యుల పండుగ కదా?" అంటారు. ఇంకొకరు, "బ్రో, పండుగంటే ఎంజాయ్ చేయాలి, ప్రతిదానికీ అర్థాలు వెతకడం ఎందుకు?" అంటారు. ఈ ఎపిసోడ్‌లో ఇద్దరికీ కలిపి జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను. క్రైస్తవులు కాని ఫ్రెండ్స్ కూడా చూడండి. ఆఫీసులో మీకు కేక్ పెట్టే మీ ఫ్రెండ్ అసలు దేని గురించి పండుగ చేసుకుంటున్నాడో తెలిస్తే ఆ కేక్ ఇంకొంచెం రుచిగా ఉంటుంది.

సమస్య ఎక్కడుంది?

నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేసిన రోజుల్లో డిసెంబర్ మొదటి వారం నుంచే ఆఫీసులో హడావుడి మొదలయ్యేది. లాబీలో చెట్టు, డెస్కుల మీద ఎర్ర టోపీలు, సీక్రెట్ శాంటా చీటీలు, బే డెకరేషన్ పోటీ. అన్నీ ఉండేవి. యేసు అనే పేరు మాత్రం ఎక్కడా వినపడేది కాదు. కోడింగ్ చేసేవాళ్లకు చెప్పాలంటే, ఫంక్షన్‌కి పేరుంది, లోపల కోడ్ లేదు. ఎర్రర్ రాదు, రన్ అవుతుంది. కానీ అది చేయాల్సిన పని జరగదు.

ఆఫీసుని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. అక్కడ అన్ని మతాల వాళ్లూ ఉంటారు, కలిసి సరదాగా గడపడం మంచిదే. మరి మన సంఘాల్లో? సెమీ క్రిస్మస్‌కి స్టేజి, లైటింగ్, ఫ్లెక్సీలు, అతిథులకు శాలువాలు. ఒక్కో అతిథి ప్రసంగం అరగంట. పిల్లలు నెల రోజులు ప్రాక్టీస్ చేసిన నాటికకు పది నిమిషాలు. బిర్యానీ అందరికీ గుర్తుంటుంది. వాక్యం ఏం చెప్పారో అడిగితే ఆలోచించాలి.

దీనికంటే బాధ కలిగించే విషయం ఇంకోటుంది. కొత్త బట్టలు లేవని క్రిస్మస్ రోజే మందిరానికి రాని కుటుంబాలు ఉంటాయి. ఏడాదంతా ఆదివారాలు తప్పకుండా వస్తారు. ఆ ఒక్క రోజు రారు. "పిల్లలకి ఒంట్లో బాలేదండీ" అంటారు. వేరే కొన్ని ఇళ్లలో చీటీ పాడి, అప్పు చేసి బట్టలు కొంటారు, ఏప్రిల్ దాకా వడ్డీ కడుతూనే ఉంటారు. పశువుల తొట్టిలో పుట్టినవాడి పుట్టినరోజుకి, బట్టలు లేవని ఒక కుటుంబం సిగ్గుపడి ఇంట్లో కూర్చుందంటే, పండుగ అర్థం పోయిందని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

డిసెంబర్ 25 సంగతి

ముందు మొదటి ప్రశ్న తేల్చేద్దాం. యేసు ఏ తేదీన పుట్టారో బైబిల్ చెప్పదు. మత్తయి, లూకా ఇద్దరూ పుట్టుక గురించి రాశారు, తేదీ మాత్రం రాయలేదు. రోమ్‌లో 354లో తయారైన ఒక పంచాంగం లాంటి గ్రంథంలో క్రీస్తు జననం డిసెంబర్ 25 అని కనిపిస్తుంది. అదే గ్రంథంలో అదే తేదీకి సూర్యదేవుడి పండుగ కూడా నమోదై ఉంది. అందుకే చాలామంది "సూర్యుడి పండుగకే క్రైస్తవులు పేరు మార్చారు" అంటారు.

పండితులు చెప్పే రెండో వివరణ కూడా ఉంది. యేసు మార్చి 25న సిలువ వేయబడ్డారని, ఆయన మరియ గర్భంలో పడింది కూడా అదే తేదీన అని తొలినాటి క్రైస్తవుల్లో కొందరు నమ్మారు. అక్కడి నుంచి తొమ్మిది నెలలు లెక్కపెట్టండి, డిసెంబర్ 25 వస్తుంది. ఈ రెండిట్లో ఏది అసలు కారణమో ఇప్పటికీ చర్చ నడుస్తూనే ఉంది. అర్మేనియన్ సంఘం జనవరి 6న చేసుకుంటుంది. పాత జూలియన్ క్యాలెండర్ వాడే రష్యా లాంటి ఆర్థడాక్స్ సంఘాలకు ఆ రోజు మన లెక్కలో జనవరి 7న వస్తుంది. అంటే తేదీ అనేది సంఘం జ్ఞాపకం కోసం పెట్టుకున్న గుర్తు. ఆ రోజున మనం ఎవరిని తలచుకుంటున్నాం, ఏం చేస్తున్నాం అన్నదాన్ని బట్టి అది ఎవరి పండుగో తేలుతుంది.

ఇంకో చిన్న అపోహ. "ఎక్స్‌మస్ అని రాస్తే క్రీస్తును కొట్టేసినట్టే" అని ప్రతి ఏడాదీ వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. అది నిజం కాదండి. గ్రీకులో క్రీస్తు అనే పేరు మొదలయ్యే అక్షరం చూడటానికి ఇంగ్లిష్ ఎక్స్ లాగే ఉంటుంది. దాని పేరు ఖీ. తొలి శతాబ్దాల నుంచి క్రైస్తవులే ఆ అక్షరాన్ని ప్రభువు పేరుకి గుర్తుగా వాడారు. కాబట్టి దాని మీద గొడవపడే శక్తిని వేరే పనికి దాచుకుందాం.

అసలు కథలో ఏముంది?

మనం క్రిస్మస్ కథ ఎన్నిసార్లు విన్నామంటే, ఇప్పుడు వినడమే మానేశాం. అందులో నాలుగు వివరాలు మళ్లీ ఒకసారి చూద్దాం.

మొదటిది, సత్రం. తెలుగు బైబిల్లో లూకా 2లో సత్రం అని చదువుతాం. అక్కడున్న గ్రీకు మాట కటలూమ. లూకా 22లో ప్రభువు పస్కా భోజనానికి అడిగిన గదికి కూడా ఇదే మాట. మంచి సమరయుడు గాయపడిన మనిషిని తీసుకెళ్లిన పూటకూళ్ల ఇంటికి మాత్రం లూకా వేరే మాట వాడాడు. అందుకే చాలామంది పండితులు దీన్ని లాడ్జి లాంటిది కాదు, ఒక ఇంట్లోని విడిది గది అంటారు. ఆ రోజుల్లో పల్లె ఇళ్లలో పశువులను రాత్రిపూట ఇంట్లోనే ఒక పక్కన కట్టేసేవారు. మన పాత ఇళ్లలో పశువుల కొట్టం ఇంటిని ఆనుకునే ఉండేది కదా, అలాంటిదే ఊహించుకోండి. పై గది చుట్టాలతో నిండిపోయింది. నిండు గర్భిణికి దొరికింది పశువులు ఉండే చోటు. బిడ్డను పడుకోబెట్టింది గాడిలో. అవును, పశువులకు మేత వేసే తొట్టే.

రెండోది, పావురాలు. ఇది నాటికల్లో ఎప్పుడూ కనపడదు. బిడ్డ పుట్టాక ధర్మశాస్త్రం ప్రకారం మరియ యోసేపులు దేవాలయానికి వెళ్లారు. బాలింత శుద్ధి కోసం ఒక గొర్రెపిల్లను అర్పించాలి. గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేకపోతే రెండు గువ్వలు గానీ రెండు పావురపు పిల్లలు గానీ చాలని లేవీయకాండం 12 చెబుతుంది. వీళ్లు ఇచ్చింది ఆ రెండో రకం అర్పణ. "మేము పేదవాళ్లం" అని లూకా ఎక్కడా రాయలేదు, కానీ ఆ ఒక్క వివరంతో ఇంటి పరిస్థితి అర్థమైపోతుంది. ఇప్పటి లెక్కలో తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇల్లు అన్నమాట.

మూడోది, కాపరులు. మొదటి కబురు రాజుకి రాలేదు, పూజారికి రాలేదు. రాత్రి డ్యూటీలో ఉన్న గొర్రెల కాపరులకు వచ్చింది. ఊరంతా నిద్రపోతుంటే మేలుకొని పని చేసే మనుషులు వాళ్లు. మన దగ్గర వాళ్లెవరు? అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, నైట్ డ్యూటీ నర్సమ్మ, మనం కేక్ ఆర్డర్ పెడితే పదకొండింటికి బండి మీద తెచ్చే కుర్రాడు.

నాలుగోది, పారిపోవడం. తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురే అని మత్తయి చెప్పలేదు. కానుకలు మూడు: బంగారం, సాంబ్రాణి, బోళం. వాళ్లు వెళ్లాక హేరోదు బేత్లెహేములోనూ ఆ చుట్టుపక్కలా రెండేళ్లలోపు మగపిల్లలను చంపించాడు. యోసేపు రాత్రికి రాత్రే తల్లీబిడ్డలను తీసుకుని ఐగుప్తుకి వెళ్లిపోయాడు. అంటే మన రక్షకుడు పసితనంలోనే వలస కుటుంబంలో పెరిగాడు. చాలా సంఘాల క్యాలెండర్‌లో డిసెంబర్ 28 ఆ పిల్లలను తలచుకునే రోజు. పండుగ నాలుగో రోజుకే కన్నీళ్లను కూడా లోపలికి తెచ్చుకున్న పండుగ ఇది.

ఈ నాలుగూ కలిపి చూస్తే క్రిస్మస్ అర్థం ఒక్క మాటలో ఇది: చోటు లేనివాళ్ల దగ్గరికి దేవుడే వచ్చాడు. ఇమ్మానుయేలు, అంటే దేవుడు మనకు తోడు అనే పేరుకి అర్థం అదే. ఇప్పుడు ఈ కొలబద్దతో మన డెకరేషన్లను చూద్దాం.

శాంటా: కట్నం లేని ముగ్గురు ఆడపిల్లల కథ

శాంటా వెనుక ఒక నిజమైన బిషప్ ఉన్నాడు. పేరు నికోలస్. నాలుగో శతాబ్దంలో మైరా పట్టణంలో, అంటే ఇప్పటి టర్కీలో ఉండేవాడు. ఆయన గురించి తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. ఒక తండ్రికి ముగ్గురు కూతుళ్లు, కట్నం ఇచ్చుకునే దారి లేదు. ఆ పిల్లల బతుకు వీధిపాలయ్యే పరిస్థితి. నికోలస్ రాత్రిపూట ఎవరికీ తెలియకుండా వాళ్ల కిటికీలోంచి బంగారం మూట పడేశాడు. అలా మూడుసార్లు, ఒక్కో పిల్లకి ఒక్కో మూట.

ఈ కథ తెలుగువాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కట్నం కోసం తండ్రి పడే బాధ ఏంటో మనకి తెలుసు. డచ్ వాళ్లు ఆయన్ని సింటర్‌క్లాస్ అన్నారు, అది అమెరికా వెళ్లి శాంటాక్లాస్ అయింది. 19వ శతాబ్దంలో థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు ఆయనకు ఇప్పుడున్న లావుపాటి నవ్వు మొహం రూపం ఇచ్చాడు. 1931 నుంచి కోకాకోలా ప్రకటనలు ఆ రూపాన్ని ప్రపంచమంతా తిప్పాయి. ఆ ప్రయాణంలో బిషప్ పోయాడు, ముగ్గురు ఆడపిల్లలు పోయారు, ఎర్ర డ్రస్సు మిగిలింది.

కాబట్టి పిల్లలు శాంటా గురించి అడిగితే "అదంతా అబద్ధం" అని కొట్టిపారేయకండి. నికోలస్ గారి కథ చెప్పండి. ఇవ్వడం ఒక్కటే కాదు, ఎవరికీ తెలియకుండా ఇవ్వడం ఆ కథలో ప్రాణం. సీక్రెట్ శాంటాలో సీక్రెట్ అనే మాటకు అసలు అర్థం అది.

పశువుల పాక, కొవ్వొత్తి, చెట్టు

మందిరాల్లో కట్టే పశువుల పాకకు ఇటలీలోని గ్రెచ్చో అనే చిన్న ఊరితో సంబంధం ఉంది. 1223లో ఫ్రాన్సిస్ ఆఫ్ అసిసీ అక్కడ గడ్డి నింపిన తొట్టి, ఒక ఎద్దు, ఒక గాడిద పెట్టించి క్రిస్మస్ రాత్రి ఆరాధన జరిపించాడు. ఆరాధన భాష లాటిన్, ఆ ఊరి మామూలు జనానికి అది రాదు. ప్రభువు ఎంత ఇబ్బందిలో పుట్టాడో వాళ్లు కళ్లారా చూడాలన్నది ఆయన కోరిక.

ఆగమన కాలంలో, అంటే క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాల్లో, కొన్ని సంఘాల్లో వారానికొక కొవ్వొత్తి వెలిగిస్తారు. దీని వెనుక జర్మనీలోని హాంబర్గ్‌లో పేద పిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ విచెర్న్ అనే పాస్టరు ఉన్నాడు. "క్రిస్మస్ ఎప్పుడొస్తుంది?" అని ఆ పిల్లలు రోజూ అడుగుతుంటే, 1839లో ఒక పాత బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించడం మొదలుపెట్టాడు. ఎదురుచూడటానికి తప్ప ఇంకేమీ లేని పిల్లలకు ఆయన ఎదురుచూపునే పండుగ చేశాడు.

చెట్టు కూడా జర్మన్ ప్రాంతాల నుంచే వచ్చింది. డిసెంబర్ 24 ఆదాము అవ్వల దినం. ఆ రోజు వేసే ఏదెను తోట నాటకంలో ఆపిల్ పళ్లు కట్టిన చెట్టు నిలబెట్టేవాళ్లు. ఆ తర్వాతి రోజే క్రీస్తు జననం. పోగొట్టుకున్న తోట, తిరిగి తెచ్చే రక్షకుడు, రెండూ పక్కపక్కనే. ఇప్పుడు మనం షాపులో కొనే ఎర్ర బంతులు ఆ ఆపిల్స్‌ని గుర్తుచేస్తాయి.

మన మెదక్ మాటేంటి?

ఇదంతా ఎక్కడో యూరప్ గొడవ అనిపిస్తోందా? అయితే మెదక్ వెళ్దాం. మెదక్ చర్చికి క్రిస్మస్ రోజు మతంతో పని లేకుండా జనం పోటెత్తుతారు. అక్కడ సెల్ఫీ దిగే చాలామందికి తెలియని విషయం, ఆ చర్చిని ప్రతిష్ఠించింది కూడా క్రిస్మస్ రోజే, 1924 డిసెంబర్ 25న. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ 1914లో పని మొదలుపెట్టించాడు. అవి కరువు రోజులు. ఉచితంగా పంచే బదులు, చుట్టుపక్కల ఊళ్ల జనానికి నిర్మాణంలో పని ఇచ్చి కడుపు నింపారని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. సుమారు 173 అడుగుల గోపురాన్ని తలెత్తి చూస్తాం. ఆ రాళ్లు ఎత్తిన చేతులకు అది ఒక పూట అన్నం.

చూశారా? నికోలస్, ఫ్రాన్సిస్, విచెర్న్, పాస్నెట్. కాలాలు వేరు, దేశాలు వేరు. మనం ఈరోజు డెకరేషన్ అనుకుంటున్న వాటిలో చాలావాటి వెనుక, లేనివాళ్ల వైపు తిరిగిన ఒక మనిషి ఉన్నాడు. అందుకే నా జవాబు ఇది: వాటిని తీసేయక్కర్లేదు. అవి ఎటు తిరిగి ఉండేవో మళ్లీ అటు తిప్పితే చాలు.

మరి ఇంట్లో, సంఘంలో ఏం చేయొచ్చు?

ఒకటి. 24 రాత్రి కేక్ కోసే ముందు లూకా 2వ అధ్యాయం 1 నుంచి 20 వచనాలు ఇంట్లో అందరూ కలిసి గట్టిగా చదవండి. ఐదు నిమిషాలు పట్టదు. పిల్లల చేత చదివించండి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు తడబడినా పర్లేదు, తెలుగులోనే చదివించండి. నానమ్మకి కూడా అర్థం కావాలి కదా.

రెండు. బట్టల బడ్జెట్‌లో ఒక జత వేరే ఇంటికి. మనింట్లో నలుగురికి కొంటున్నామంటే ఐదో జత కూడా లెక్కలో వేసుకోవాలి. అది 25న కాదు, పది రోజుల ముందే చేరాలి, కుట్టించుకునే టైమ్ ఉండాలి. ఫొటో తీయొద్దు, స్టేటస్ పెట్టొద్దు, స్టేజి మీదకి పిలిచి ఇవ్వొద్దు. తీసుకునేవాళ్లు తలెత్తుకుని మందిరానికి రావడానికే ఇది.

మూడు. సంఘ పెద్దలు, యూత్ లీడర్లు కలిసి ఒక్క ఏడాది ఇలా ప్రకటించి చూడండి: "క్రిస్మస్ ఆరాధనకి ఉన్న బట్టల్లోనే రండి." ముందు పెద్దవాళ్లు, స్టేజి మీద ఉండేవాళ్లు అలా రావాలి. అప్పుడే ఆ మాటకు విలువ.

నాలుగు. క్యారల్స్ రౌండ్స్‌లో కానుక బాగా ఇచ్చే ఇళ్ల లిస్టు మనందరికీ తెలుసు. ఇంకో లిస్టు కూడా రాయండి. మంచం పట్టిన తాతగారు, ఈ ఏడాది మనిషిని పోగొట్టుకున్న ఇల్లు, పిల్లలు అమెరికాలో ఉండి ఒంటరిగా మిగిలిన అమ్మానాన్నలు. ముందు అక్కడికి వెళ్లండి. డప్పు, గిటార్ చాలు. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లకు నిబంధనలున్నాయి, పక్కింట్లో పరీక్షకు చదివే పిల్లాడికి మన పాట శిక్ష కాకూడదు.

ఐదు. సెమీ క్రిస్మస్‌లో అతిథుల సన్మానం పది నిమిషాల్లో ముగించి, పిల్లల నాటికకు అరగంట ఇవ్వండి. భోజనాల్లో మొదటి పంక్తి వంట చేసినవాళ్లకు, టెంట్ వేసినవాళ్లకు, మందిరం ఊడ్చే అక్కకి వేయండి. గొర్రెల కాపరులు వరుసలో ముందున్న కథ మనది.

ఆరు. ఆఫీసులో ప్రసంగాలు అక్కర్లేదు. ఎవరైనా "మీ క్రిస్మస్ అంటే ఏంటి?" అని అడిగితే ఒక్క వాక్యంలో చెప్పడానికి సిద్ధంగా ఉండండి. నేనైతే, "చోటు లేనివాళ్ల కోసం దేవుడు చోటు లేనివాడిగా వచ్చిన రోజు" అంటాను. మీ మాటల్లో మీరు తయారు చేసుకోండి. ఆ సాయంత్రం సెక్యూరిటీ అన్నకి కూడా ఒక కేక్ ముక్క ఇచ్చి, ఆయన పేరు అడిగి తెలుసుకుంటే, ఆ వాక్యానికి వివరణ ఇచ్చినట్టే.

చివరిగా ఒక్క మాట. పాత సంఘ సంప్రదాయంలో క్రిస్మస్ 25న అయిపోదు, మొదలవుతుంది. అక్కడి నుంచి 12 రోజులు, జనవరి 6న జ్ఞానుల రాకను తలచుకునే పండుగ దాకా. కాబట్టి ఈ వీడియో 26న చూస్తున్నా మీరు లేటు కాదు. స్టార్ ఇంకా వెలుగుతోంది కదా, దాన్ని దించేలోపు మీ వీధిలో ఎవరూ తలుపు తట్టని ఇల్లు ఒకటి చూసుకుని వెళ్లి రండి. చేతిలో కేక్ ఉన్నా సరే, లేకపోయినా సరే.

ఈ ఎపిసోడ్‌ని మీ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేకంటే, క్రిస్మస్ ఖర్చు లెక్కలు చూసే ఆ ఇద్దరు ముగ్గురికి పంపించండి. నిర్ణయాలు అక్కడే జరుగుతాయి. అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.